ఇటు చూడండి

ప్రేమ్ కుమార్ పెళ్ళి వీడియోలు తీస్తాడు. బందరులో కోనేరు సెంటరుకి కాస్త అవతల, రోల్డ్‌గోల్డ్ నగల కొట్టు మేడ మీద, తండ్రి కృపావరం పేరు కలిపి 'కృపా వీడియోస్' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు మీద గులాబీల మధ్య నవ్వుతున్న జంట ఎవరో ఇప్పుడు అతనికే గుర్తు లేదు. ఇటు గుడివాడ నుంచి అటు నాగాయలంక దాకా అతను తియ్యని పెళ్ళి లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, మరీ అబద్ధం కాదు.

ఇన్నేళ్ళలో అతను ఈ ప్రాంతానికంతా నేర్పిన విద్య ఒకటుంది. 'ఇటు చూడండమ్మా' అన్న మాట అతని నోట్లోంచి రాగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోతారు. అక్షింతలు వేసే చెయ్యి గాల్లో ఆగుతుంది. పప్పు వడ్డించే గరిట ఆగుతుంది. ముహూర్తం దాటిపోతోందని అప్పటిదాకా మొత్తుకున్న పంతులుగారు కూడా కండువా సర్దుకుని ఇటు చూస్తారు. చర్చి పెళ్ళిళ్ళలో పాస్టరుగారైతే ఉంగరం తొడిగించడం అయ్యాక, "సరిగ్గా పడిందా బ్రదర్, మళ్ళీ తొడిగించమంటారా" అని అడిగి మరీ తెలుసుకుంటారు. భూస్థాపనలకు పిలిస్తే అక్కడా ఇదే వరస. ఏడుస్తున్నవాళ్ళు అతన్ని చూసి కళ్ళు తుడుచుకుని, కాసేపు నిటారుగా నిలబడి, అతను పక్కకు తిరిగాక మళ్ళీ ఏడుస్తారు.

అలాంటి మనిషికి నలభై ఏడో ఏట సినిమా తియ్యాలని బుద్ధి పుట్టింది.

కళ మీద ప్రేమతో పుట్టిందనుకుంటే పొరపాటే. విసుగుతో పుట్టింది. అదే మంటపం, మెట్లు దిగే అదే పెళ్ళికూతురు, అదే స్లో మోషను, అదే పాట. మెడ నరాలు పట్టేశాయి. కుడి భుజం చెయ్యి ఎత్తనివ్వడం లేదు. నర్సుగా పనిచేసే భార్య ప్రభావతి ప్రతి పెళ్ళి మర్నాడూ ఆ భుజానికి ఆయింట్‌మెంట్ రాస్తూ, "ఇక చాలించరాదూ" అనేది. చాలించి ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు, అతనికీ తెలియదు. పైగా గుడివాడలో వాసు ఉన్నాడు. ఒకప్పుడు ఇతని దగ్గరే లైటు పట్టుకున్నవాడు, ఇప్పుడు డ్రోన్లూ క్రేన్లూ పెట్టుకుని పెద్ద పెళ్ళిళ్ళన్నీ తనే పట్టేస్తున్నాడు. చెయ్యి చాలనప్పుడు ఇతన్నే పిలుస్తాడు. "సార్, మీరు ఊరికే ఆ మూల నిలబడి పెద్దవాళ్ళని కవర్ చెయ్యండి, చాలు" అంటాడు. ఆ 'సార్' అనేదొక్కటి మానేస్తే బాగుండునని ప్రేమ్ కుమార్‌కి అనిపించేది.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక చిన్న సినిమా కంటబడింది. తీసినవాళ్ళు ఎక్కడి కుర్రాళ్ళో. ఒక ఇల్లు, ఒక ముసలాయన. పాటల్లేవు. ముసలాయన అన్నం తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు, గడప మీద కూర్చుంటాడు. అంతే కథ. ఆయన చెయ్యి కడుక్కోవడం చూసి ప్రేమ్ కుమార్‌కి ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఇంత వీడియో తీసిన తను ఇంతవరకూ ఒక్క మనిషి చెయ్యి కడుక్కోవడం తియ్యలేదని తోచింది.

"ఆయన ఒక్కసారైనా కెమెరా వంక చూశాడా జెన్నీ?" అని కూతుర్ని అడిగాడు.

జెనిఫర్ విజయవాడలో సినిమా, టీవీ కోర్సు చదివి వచ్చి, ఎవరెవరికో వీడియోలు ఎడిట్ చేసి పంపుతూ ఇంట్లోనే ఉంటోంది. "సినిమాలో చూడరు నాన్నా. చూస్తే అది సినిమా అవ్వదు, మన పెళ్ళి వీడియో అవుద్ది" అంది.

పెళ్ళి వీడియోలవాడికి తీరిక దొరికేది మూఢంలో. ప్రేమ్ కుమార్ లూథరన్ ఇంట్లో పుట్టి, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషే గానీ, శుక్ర మూఢం ఎప్పుడు వస్తుందో, గురు మూఢం ఎప్పుడు వదులుతుందో పంచాంగం చూడకుండా చెప్పగలడు. హిందువులు ముహూర్తాలు పెట్టుకోని మూఢమూ, క్రైస్తవులు పెళ్ళిళ్ళు చేసుకోని శ్రమదినాలూ కలిసి వస్తే అతని కెమెరాకి పూర్తి సెలవు. అలా కలిసొచ్చిన ఒక ఏడు చదువు మొదలైంది. గురువు కూతురే. కిటికీ వెలుతురు ఎటు నుంచి పడాలో, మనిషి నెత్తి మీద ఎంత ఖాళీ వదలాలో, తీసినచోటల్లా ఎవరూ మాట్లాడకుండా అక్కడి ఉత్త చప్పుడుని కాసేపు ఎందుకు రికార్డు చేసుకోవాలో చెప్పింది. ఈ చివరిది అతనికి వింతగా తోచింది.

"మాటలు లేని చప్పుడు దేనికమ్మా?"

"తరవాత ఏ మాటన్నా తీసెయ్యాల్సొస్తే అక్కడ గొయ్యి పడుద్ది నాన్నా. ఈ చప్పుడు తెచ్చి పూడ్చాలి."

మొదటి సినిమా ఘంటసాలలో తీశారు. బావమరిది ధర్మారావు పొలం, ధర్మారావే హీరో. అప్పు బాధలో ఉన్న రైతు ఎండిన చేను చూసి కుమిలిపోవాలి. ధర్మారావు కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు, కెమెరా ఆన్ అయింది, వెంటనే పొట్ట లోపలికి లాక్కుని, కొడవలిని పూలదండలా రెండు చేతులతో పట్టుకుని, లెన్సులోకి చూసి నవ్వాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "నీ మొహం కనపడితే నాకు నవ్వొస్తది బావా, అలవాటైపోయింది" అన్నాడు. మొహం కనపడకుండా కెమెరా వెనక నక్కితే, నక్కిన చోటు వెతుక్కుని మరీ అటు చూసి నవ్వాడు. ఆ సినిమా అక్కడితో ఆగిపోయింది. ఈలోగా మూఢం వదిలింది, ఇతను మళ్ళీ మంటపాల మూలల్లో నిలబడ్డాడు.

తరవాతి మూఢానికి పోలమ్మ కథ తట్టింది.

నాగాయలంకలో పంటు ఎక్కి కృష్ణ పాయ దాటితే వచ్చే లంక ఊళ్ళో ఉంటుంది పోలమ్మ. పచ్చి చేపలూ ఎండు చేపలూ తట్టలో పెట్టుకుని ఊళ్ళ వెంట తిరిగి అమ్మి బతికింది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, అంజి. అంజి పెళ్ళి వీడియో ప్రేమ్ కుమారే తీశాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. పడవలో మిగతా వాళ్ళు ఈదుకుంటూ వచ్చారు, అంజి రాలేదు. ఆ సంగతి విన్నప్పుడు ప్రేమ్ కుమార్ అందరిలాగే అయ్యో అనుకున్నాడు. ఇప్పుడు సినిమా కోసం వెతుకుతుంటే అదే తిరిగి జ్ఞాపకం వచ్చింది. ఒక తల్లి పొద్దున్నే లేస్తుంది, చేపలమ్ముతుంది, ఖాళీ తట్టతో ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, కొడుకు రావాల్సిన సందు వైపు చూస్తుంది. ఆ చూపుతో సినిమా అయిపోతుంది. ఆ ఒక్క చూపు దొరికితే తన జన్మకి చాలనుకున్నాడు.

అడగడానికి మొహం చెల్లలేదు గానీ, కూతుర్ని వెంటబెట్టుకుని పంటు ఎక్కాడు. పోలమ్మ వాకిట్లో సావడాల చేపలు ఎండబెడుతోంది. చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"నువ్వే తీస్తావా బాబూ, ఇంకెవరన్నా తీస్తారా?"

"నేనేనండి పిన్నిగారూ."

"అయితే చేస్తాలే. నీ గొంతు మాకు కొత్తేం కాదు, రోజూ మా ఇంట్లో ఇనపడతానే ఉంటది."

ఆ మాటకి అర్థం లోపలికి వెళ్ళాక తెలిసింది. టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఉంది. అంజి పెళ్ళి వీడియో వస్తోంది. కోడలు దుర్గాదేవి రొయ్యల షెడ్డు పనికి వెళ్ళిపోతే, మనవరాలు ప్రియాంక బడి నుంచి వచ్చి అన్నం తింటూ దాన్నే చూస్తుందట. మిగతా పెళ్ళికంతా సినిమా పాటలు అతికించినా, ఆ రోజుల్లో ప్రేమ్ కుమార్ తాళి కట్టే ఘట్టానికి మాత్రం మేళం అలాగే వదిలేసేవాడు. మేళంతో పాటు అతని గొంతూ ఉండిపోయేది. 'ఇటు చూడు బాబూ, నవ్వు' అని టీవీలోంచి తన గొంతే వినపడేసరికి అతనికి కాస్త సిగ్గేసింది. జెనిఫర్ పక్కకు తిరిగి నవ్వుకుంది.

షూటింగు మొదటిరోజు చేసిన ఘనకార్యం మాత్రం ఇప్పటికీ ఆ లంకలో చెప్పుకుంటారు. రేవు దగ్గర జనాన్నందరినీ కూర్చోబెట్టి, కెమెరా వంక ఎందుకు చూడకూడదో ప్రేమ్ కుమార్ ఓపిగ్గా చెప్పాడు. మీ పని మీరు చేసుకోండి, నేనిక్కడ లేననుకోండి అన్నాడు. అందరూ తలలూపారు. వలలు బాగుచేసేవాళ్ళు వలలు పట్టుకున్నారు, పోలమ్మ తట్ట నెత్తికెత్తుకుంది. ప్రేమ్ కుమార్ బటన్ నొక్కి, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ గొంతెత్తి, "ఇటు చూడండమ్మా" అన్నాడు.

రేవు రేవంతా ఇటు చూసింది.

ఆ తరవాత కెమెరా దగ్గర అతను నోరు తెరవకూడదని కూతురు ఒట్టు వేయించుకుంది. ఏది చెప్పాలన్నా తనే చెప్పింది. కదిలే షాటు కోసం ప్రభావతిని బతిమాలి ఆసుపత్రి చక్రాల కుర్చీ తెచ్చుకుని, అందులో కెమెరాతో సహా కూర్చుంటే జెనిఫర్ తోసింది. అది రేవు బురదలో దిగబడితే, తోసుకురావడానికి నటులే రావలసి వచ్చింది. ఎండ, ఉప్పుగాలి, నడుము నెప్పి. పొద్దున బందరులో మొదటి బస్సు ఎక్కడం, అవనిగడ్డలో మారడం, పంటు కోసం నిలబడటం, సాయంత్రం అదే దారిలో వెనక్కి. పెళ్ళిళ్ళలో కనీసం భోజనమైనా పెడతారని ప్రేమ్ కుమార్ అనుకునేవాడు.

అయినా పని సాగింది. జనం మెల్లగా కెమెరాని మరిచిపోయారు. చేప కోసేవాళ్ళు చేపని చూశారు, పిల్లలు ఆటల్లో పడ్డారు. మరవనిది పోలమ్మ ఒక్కతే. నడుస్తూ చూస్తుంది, తట్ట దించుతూ చూస్తుంది, చేప తూచుతూ తలెత్తి లెన్సులోకి చూస్తుంది. ఆ చూపులో నవ్వూ ఉండదు, ఫోజూ ఉండదు. ఊరికే చూస్తుంది. మిగతా వాటిని వెనక నుంచో పక్క నుంచో తీసి సర్దుకున్నారు. చివరి చూపుని అలా తీయడానికి లేదు. కెమెరా ఉండేదే సందులో, ఆమె చూడవలసిందీ సందునే. కొంచెం పక్కకి చూస్తే చాలు. ఎన్నిసార్లు చెప్పినా, ఏ రోజుకారోజు, గడప మీద కూర్చుని సూటిగా కెమెరాలోకే చూసింది. గుర్తుగా సందులో ఒక కుండ పెట్టి దాన్ని చూడమన్నారు. కుండని చూసి, కుండ మీంచి కెమెరాని చూసింది.

"అన్నమ్మ ఆంటీని తీసుకొద్దాం నాన్నా" అంది జెనిఫర్ ఒకరోజు పంటు మీద. అన్నమ్మ చర్చిలో క్రిస్మస్ నాటకాలాడే మనిషి. ఎటు చూడమంటే అటు చూస్తుంది, ఏడవమంటే వెనక బెంచీల దాకా వినపడేలా ఏడుస్తుంది.

"వద్దు" అన్నాడు ప్రేమ్ కుమార్.

"మూఢం అయిపోతోంది. మళ్ళీ ముహూర్తాలొస్తే నువ్వు దొరకవు."

అది నిజమే. ఈసారి వాసు ఇతన్ని సీజను మొత్తానికీ కుదుర్చుకున్నాడు. ఇది గనక తప్పితే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక తనలో లేదని ప్రేమ్ కుమార్‌కి తెలుసు. ఏటి నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. రేపొక్క రోజు చూద్దాం అన్నాడు చివరికి.

ఆ రేపటి మధ్యాహ్నం, సందులో నీడ సరిగ్గా గడప దాకా వచ్చిన వేళకి, అదనపు బ్యాటరీ పంటు రేవు దగ్గరి కొట్లో చార్జింగుకి పెట్టి మరిచిపోయామని తెలిసింది. జెనిఫర్ పరిగెత్తింది. ప్రేమ్ కుమార్ మోకాళ్ళ మీద కూర్చుని, వెలుతురు ఎలా పడుతోందో చూద్దామని, మిగిలిన కాస్త చార్జింగుతోనే కెమెరా ఆన్ చేసి, అలవాటుగా రికార్డు బటను కూడా నొక్కి, దాని వెనక తల దూర్చాడు. గడప మీద పోలమ్మ ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని, ఎప్పటిలాగే లెన్సులోకి చూస్తోంది.

"బాబూ, నిన్నొకటి అడగాలని చూస్తన్నా. ఎప్పుడూ ఎవరో ఒకళ్ళు ఉంటన్నారు."

"అడగండి పిన్నిగారూ" అన్నాడు తలెత్తకుండానే. ఫోకస్ చూసుకుంటున్నాడు.

"అంజి పెళ్ళి వీడియోలో నువ్వు వాణ్ణి నవ్వమంటావు. నువ్వన్నాకే వాడు తలెత్తి నవ్వుతాడు. అంతకుముందు తల వంచుకునుంటాడు, మొహం కనపడదు." ఆమె ఖాళీ తట్టని ఇంకాస్త పక్కకి జరిపింది. "వాడికా పెళ్ళి ఇష్టం లేదు బాబూ. మా తమ్ముడి కూతుర్ని చేసుకోనని గొడవ చేశాడు. నేనే అన్నం మానేసి ఒప్పించా. తరవాత బాగానే ఉన్నార్లే, పిల్ల పుట్టింది. కానీ వాడు ఎప్పుడూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు లేడు. ఆ రోజు వాడికి ఎదురుగా కూర్చుంది నువ్వే కదా. నువ్వు నవ్వమనకముందు వాడు ఎట్టా ఉన్నాడు?"

ప్రేమ్ కుమార్ కెమెరా వెనక నుంచి తల పైకెత్తాడు.

ఇన్నాళ్ళుగా ఆమె కెమెరాని చూడలేదని, దాని వెనకున్న తనని వెతుక్కుంటోందని అప్పుడు అర్థమైంది. ఆమె కళ్ళు లెన్సుని వదిలి, దానికి కాస్త పైన, అతని మొహం మీద నిలిచాయి. అతను అంజిని గుర్తు తెచ్చుకుందామని చూశాడు. పందిరి గుర్తొచ్చింది. ఒక ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటూ చంపుకు తినడం గుర్తొచ్చింది. టేపు అయిపోవస్తోందని కంగారు పడటం గుర్తొచ్చింది. బాసికం కట్టుకున్న ఒక తల గుర్తొచ్చింది గానీ, ఆ తల అంజిదో, ఆ వారంలోనే పెళ్ళయిన ఇంకెవరిదో చెప్పలేడు. ఎన్ని వేల మంది తన వంక చూసి నవ్వి ఉంటారో. ఒక్కళ్ళ మొహమూ లోపల లేదు.

ఆమె చూస్తూనే ఉంది. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. వచ్చే కబురు మంచిదో చెడ్డదో తెలియక, ఏదైనా సరే వినడానికి సిద్ధపడి కూర్చున్న చూపు అది. అతను కాగితం మీద రాసుకున్న చూపు. సందులో నిలబడి ఎన్ని రోజులు అడుక్కున్నా దొరకని చూపు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోందని కంటి కొసన కనపడింది. అతను నోరు తెరవలేదు.

చివరికి, "నవ్వుతూనే ఉన్నాడు పిన్నిగారూ" అన్నాడు. "తల వంచుకుని నవ్వుకుంటుంటే, వీడియోలో సరిగ్గా పడాలని ఇటు చూడమన్నాను. అంతే."

"అదే అనుకున్నా" అంది పోలమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, సందు వైపు చూసింది. సరిగ్గా వాళ్ళు ఎటు చూడమన్నారో అటే చూసింది. "మీ పిల్ల వచ్చినట్టుంది, చూడు."

జెనిఫర్ బ్యాటరీ పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి తండ్రి కెమెరా విప్పి సంచిలో పెడుతున్నాడు. అయిపోయిందమ్మా, వెళ్దాం అన్నాడు.

మర్నాడు స్టూడియోలో ఆ షాటు చూసి జెనిఫర్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "నాన్నా, ఇది కదా" అంది. తరవాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచీ విన్నది. వింటూ వింటూ మొహం మారింది. హెడ్‌ఫోన్స్ తీసి, "ఆవిడ అడిగితే వెంటనే చెప్పలేదేంటి నువ్వు?" అంది.

గుర్తు లేదని చెప్పవచ్చు, అది నిజం. షాటు నడుస్తోందని చెప్పవచ్చు, అదీ నిజమే. ఏ నిజం ముందో, ఏది తరవాతో ప్రేమ్ కుమార్‌కే తేలలేదు. "సౌండు తీసెయ్యమ్మా. అక్కడ రికార్డు చేసిన ఉత్త చప్పుడు ఉందిగా, అది వెయ్యి" అన్నాడు. కూతురు హెడ్‌ఫోన్స్ మళ్ళీ పెట్టుకుంది. పోలమ్మ ప్రశ్న పోయింది, అతని జవాబు పోయింది. ఏటిగాలీ, దూరంగా పంటు ఇంజను చప్పుడూ, ఆ మొహమూ మిగిలాయి. సినిమాని ఎక్కడెక్కడి పోటీలకో పంపారు. ఎక్కడి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చివరికి గుడివాడలో వాసు పూనుకుని, వీడియోగ్రాఫర్ల సంఘం సమావేశంలో భోజనాలకు ముందు వేయించాడు. పోలమ్మ కోడల్నీ మనవరాల్నీ తీసుకుని ఇన్ని బస్సులు మారి వచ్చింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. జనం మొదట్లో ఫోన్లు చూసుకున్నారు, పోనుపోనూ జేబుల్లో పెట్టారు. చివరి చూపు తెర మీదికి వచ్చేసరికి ఎవరూ దగ్గలేదు కూడా. దీపాలు వెలిగాక వాసు వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"సార్, ఆవిడ చేత అది ఎట్లా చేయించారు సార్? మాకు చెప్పండి."

"ఆవిడే చేసింది" అన్నాడు ప్రేమ్ కుమార్. ఇన్నాళ్ళూ ఈ మాటల కోసమే కష్టపడ్డాడు. వచ్చాక, కాస్త కూర్చుంటే బాగుండుననిపించింది తప్ప ఇంకేమీ అనిపించలేదు.

వాళ్ళని బస్సెక్కించడానికి తనే బస్టాండుకి వెళ్ళాడు. పిల్ల దాహమంటే దుర్గాదేవి కొట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. బెంచీ మీద పోలమ్మ కాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది.

"బొమ్మ బాగుంది బాబూ" అంది. "నేను అంత ముసల్దాన్నయ్యానని తెలవదు."

అతను నవ్వబోయాడు.

"ఆ చివరాఖర్ది నేను నిన్ను అంజి సంగతి అడిగినప్పటిది కదా?"

"అవునండి."

"అప్పుడు నాకు రెప్పపాటనిపించింది. ఇయ్యాల చూస్తే ఎంతసేపో ఉంది." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చూసినోడివైతే అప్పుడే చెప్పేవోడివి."

ప్రేమ్ కుమార్ తల దించుకున్నాడు. ఎదురుగా అవనిగడ్డ బస్సు వెనక్కి తిరుగుతోంది. కండక్టరు బస్సు వెనక చెయ్యి కొడుతూ, రైట్ రైట్ అంటున్నాడు.

"పోన్లే. ఎన్ని పెళ్ళిళ్ళు తీసుంటావు, నీకెట్టా గుర్తుంటది. నా మనసు కోసం చెప్పావు" అంది పోలమ్మ. కొట్టు దగ్గర నీళ్ళ సీసా ఎత్తి తాగుతున్న మనవరాలి వైపు చూసింది. "అది ఈ మధ్య అడుగుతంది బాబూ. నాన్నని నవ్వమని ఎవరు చెప్తన్నారు నాన్నమ్మా, చెప్పకపోతే నవ్వడా అని. నీకు ఇప్పుడు మాటలు తీసెయ్యటం వచ్చు కదా. నేనడిగింది తీసేశావుగా ఈ బొమ్మలో. అట్టాగే ఆ పెళ్ళి వీడియోలో నీ మాట కూడా తీసెయ్యి."

అతను తలూపాడు.

మర్నాడు పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, పాత హార్డ్ డిస్కులు కింద పరిచి, అంజి పెళ్ళి పట్టుకున్నాడు. జెనిఫర్ తను చేస్తానంది, వద్దన్నాడు. వేరే పెళ్ళిలో మూల నిలబడటానికి మధ్యాహ్నం ముదినేపల్లి వెళ్ళాలి. ఉన్న వేళంతా దీనికే పెట్టాడు. తాళి కట్టే ఘట్టం ముందు భాగాన్ని ఆపి ఆపి చూశాడు. వంచుకున్న తల, బాసికం, జుట్టులో చిక్కుకున్న అక్షింతలు. ఎంత వెతికినా మొహం లేదు. తరవాత 'ఇటు చూడు బాబూ, నవ్వు' అన్న తన గొంతు వచ్చింది. ఎంత హుషారుగా ఉండేదో ఆ గొంతు. దాన్ని మొదలు నుంచి కొస దాకా కోసేశాడు. గొయ్యి పడింది. అదే పెళ్ళిలో ఎవరూ మాట్లాడని చోట మేళం ముక్క వెతికి, తెచ్చి అక్కడ పూడ్చాడు. అతుకు తెలియకుండా కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేశాడు. భుజం పోట్లు పెడుతోంది.

మొదటి నుంచి వేసి, చేతులు కట్టుకుని కూర్చుని చూశాడు. మేళం మోగుతోంది. అంజి తల వంచుకుని ఉన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అంజి తనంతట తానే తలెత్తి, ఇటు చూసి, నవ్వాడు.